చేతులు కట్టుకుని చేసే మదుపు

(మహాసభల ఆర్థిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, పక్క హాల్లో అష్టావధానం జరుగుతున్నా దాన్ని వదులుకుని డబ్బు గురించి వినడానికి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. భోజనాల వేళ దగ్గర పడుతోందని నాకు తెలుసు. గుత్తివంకాయకీ నాకూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో కూడా తెలుసు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

నా గురించి రెండు మాటలు. ఇంజనీరింగు చదువుకుని, సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటూ, షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇరవై ఏళ్ళుగా కాపురం ఉంటున్నవాణ్ణి. నేను ఆర్థిక సలహాదారుణ్ణి కాను. నాకు లైసెన్సు లేదు, ఏ కంపెనీ నుంచీ కమీషను రాదు, ఈ ప్రసంగం అయ్యాక మీ ఫోను నంబరు అడగను. ఆ చివరి మాట వినగానే కొందరి ముఖాలు తేలికపడటం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది!

ఉద్యోగంలో ఒక సాఫ్ట్‌వేరు కొనేముందు నలుగురు అమ్మకందార్లని పక్కపక్కన పెట్టి పోల్చడం నాకు అలవాటు. మా ఊళ్ళో ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా పులిహోర, పెరుగన్నం మధ్యలో ఎవరో ఒకరు వేసే ప్రశ్న ఒకటుంది: "ఆన్‌లైన్‌లో ఇన్ని కంపెనీలున్నాయి కదా. నాకు స్టాకులు తెలియవు, నేర్చుకునే తీరికా లేదు. నెలనెలా కొంత పక్కన పడేస్తే దాని మానాన అది పెరగాలి. ఎక్కడ పెట్టమంటారు?" ఆ ప్రశ్నకి అదే పద్ధతిలో జవాబు వెతికాను. ఆ పోలికే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

అసలు మన డబ్బు ఇప్పుడు ఎక్కడుందో ముందు చూద్దాం. మన వాళ్ళలో నేను చూసినంతవరకు మూడు చోట్ల ఉంటుంది. ఒకటి, బ్యాంకు చెకింగ్ అకౌంటులో నిద్రపోతూ. రెండు, శంకరపల్లి దగ్గరో షాద్‌నగర్ దగ్గరో ప్లాటు రూపంలో. ఈ సావనీరులో కూడా అలాంటి ప్రకటనలు ఉండే ఉంటాయి. వాటిని నేనేమీ అనను, అవి లేకపోతే మనకి ఇవాళ భోజనాలు లేవు. మూడు, పనిచేస్తున్న కంపెనీ షేర్ల రూపంలో.

ఈ మూడో దాని గురించి మా నేపర్‌విల్‌కి చాలా తెలుసు. అక్కడ ఇండియన్ హిల్ అని బెల్ ల్యాబ్స్ వారి పెద్ద ప్రాంగణం 1966 నుంచి ఉండేది. ప్రపంచమంతా వాడిన 5ఈఎస్ఎస్ టెలిఫోను స్విచ్చి అక్కడే రూపుదిద్దుకుంది. 1996లో ఏటీ అండ్ టీ నుంచి విడిపోయి లూసెంట్ అయ్యాక, మన ఇంజనీర్లు ఎంతోమందికి అదే అన్నం పెట్టిన ఇల్లు. 1999 డిసెంబరులో 80 డాలర్లు దాటిన లూసెంట్ షేరు 2002 అక్టోబరు నాటికి ఒక డాలరు లోపుకి దిగింది. నేను ఆ ఊరికి వచ్చేసరికి ఆ తుఫాను వెలిసింది కానీ, దాన్ని చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఉద్యోగం పోయిన నెలలోనే, రిటైర్మెంటు కోసం దాచుకున్న షేర్లు కూడా కరిగిపోయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ వ్యవహారం బయటపడినప్పుడు కూడా అంతే. ఒక్కరోజులో షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. జీతం ఇచ్చే చెయ్యి, దాచిపెట్టే చెయ్యి ఒకటే అయితే వచ్చే ప్రమాదం ఇది. ఇవాళ మన పిల్లలు ఆర్‌ఎస్‌యూలని మురిపెంగా దాచుకుంటున్నారే, వాళ్ళకి ఈ కథ చెప్పాల్సిన బాధ్యత మనదే.

మరి స్టాకులు తెలియనివాడు ఏం చెయ్యాలి? దీనికి జవాబు 1976లోనే దొరికింది. వాన్‌గార్డ్ సంస్థ పెట్టిన జాన్ బోగుల్, సామాన్యుల కోసం మొదటి ఇండెక్స్ ఫండుని ఆ ఏడాది తెచ్చాడు. మంచి స్టాకు ఏదో వెతకొద్దు, మార్కెట్టు మొత్తాన్నీ కొద్దికొద్దిగా కొనేసి కూర్చోమన్నాడు. 150 మిలియన్ డాలర్లు వస్తాయనుకుంటే 11 మిలియన్లు వచ్చాయి. అందరూ వెర్రి అన్నారు. ఇవాళ వాన్‌గార్డ్ వారి మొత్తం మార్కెట్టు ఈటీఎఫ్ ఖర్చు ఏడాదికి 0.03 శాతం, అంటే పదివేల డాలర్లకి మూడు డాలర్లు. పదిహేనేళ్ళ లెక్క తీస్తే, జీతాలిచ్చి మేధావుల్ని పెట్టుకుని స్టాకులు ఎంచే పెద్ద కంపెనీల ఫండ్లలో అత్యధిక భాగం ఈ "వెర్రి" ఫండు కంటే వెనకే ఉన్నాయి.

కొనే ఖర్చు సంగతి. 1975 మే 1 దాకా అమెరికాలో బ్రోకరు కమీషన్లు అందరికీ ఒకే స్థిరమైన రేటు. ఆ రోజు ఆ నియమం ఎత్తేశాక ష్వాబ్ లాంటి చౌక బ్రోకర్లు పుట్టుకొచ్చారు. 2019 అక్టోబరులో ష్వాబ్ తన కమీషను సున్నా చేస్తే, పది రోజులు తిరక్కుండానే ఫిడెలిటీ, టీడీ అమెరిట్రేడ్, ఈ-ట్రేడ్ అదే బాట పట్టాయి. ఏడాది గడిచేసరికి అమెరిట్రేడ్‌ని ష్వాబ్, ఈ-ట్రేడ్‌ని మోర్గాన్ స్టాన్లీ కొనేశాయి. కాబట్టి "ఎవరి దగ్గర కమీషను తక్కువ?" అన్న ప్రశ్నకి కాలం చెల్లింది. ఇప్పుడు అడగాల్సింది, "కమీషను లేకుండా వీళ్ళు ఎలా బతుకుతున్నారు?" అని. ఉచితం అంటే ఫినాయిలైనా తాగుతామని మన మీద ఒక జోకు ఉంది కదా, సీసా మీద ఏం రాసుందో చదివి తాగమని నా మనవి.

ఇప్పుడు మన ముందున్న దుకాణాలు నాలుగు రకాలు.

మొదటి రకం, పెద్ద బ్రోకర్ల దగ్గర అకౌంటు తెరిచి మనమే ఒక ఫండు కొనుక్కోవడం. ఫిడెలిటీ, ష్వాబ్, వాన్‌గార్డ్ ఈ కోవలోవి. తీరిక లేనివాడికి ఇక్కడ టార్గెట్ డేట్ ఫండు అని ఒకటుంది. మీరు 2045లో రిటైర్ అవుతారనుకుంటే ఆ సంవత్సరం పేరున్న ఫండు కొంటారు. వయసు పెరిగేకొద్దీ అదే స్టాకులు తగ్గించి బాండ్లు పెంచుకుంటుంది. ఇండెక్స్ ఫండ్లతో చేసినదైతే ఖర్చు 0.10 శాతం అటూఇటూ. ఒక్క హెచ్చరిక. దీన్ని 401కె, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంటు అకౌంట్లలోనే ఉంచండి. 2021 చివర్లో వాన్‌గార్డ్ టార్గెట్ ఫండ్లు మామూలు అకౌంట్లలో ఉంచుకున్నవాళ్ళకి, ఒక్క షేరూ అమ్మకుండానే, పెద్ద పన్ను బిల్లులు వచ్చాయి. ఆ వ్యవహారం 2025 జనవరిలో ఎస్ఈసీతో నూరు మిలియన్ డాలర్ల పైచిలుకు రాజీ దాకా వెళ్ళింది.

రెండో రకం, రోబో-అడ్వైజర్లు. 2010లో బెటర్‌మెంట్, ఆ వెనకే వెల్త్‌ఫ్రంట్ మొదలుపెట్టిన పద్ధతి. మీ వయసు, మీ అవసరం, నష్టానికి మీ గుండె ఎంత తట్టుకుంటుంది అని పది ప్రశ్నలు వేసి, ఏడెనిమిది ఈటీఎఫ్‌లుగా డబ్బు సర్దుతుంది. నిష్పత్తి చెడితే తనే సరిచేస్తుంది. మామూలు అకౌంటులో నష్టాల్లో ఉన్నవాటిని అమ్మి పన్ను తగ్గించే పని కూడా చేస్తుంది. ఆ నష్టాల్ని లాభాలకి చెల్లువేశాక, మిగిలినదాంట్లో ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అయితే భార్య అకౌంటులో అదే ఫండు ముప్పై రోజుల లోపు కొన్నారంటే ఆ నష్టం చెల్లదు, ఈ సంగతి రోబోకి తెలియదు! వీళ్ళ రుసుము సాధారణంగా ఏడాదికి 0.25 శాతం, ఫండ్ల ఖర్చు దీనికి అదనం. చిన్న అకౌంట్లకి నెలకి నాలుగైదు డాలర్లు స్థిరంగా తీసుకునేవాళ్ళూ ఉన్నారు. వెయ్యి డాలర్ల అకౌంటులో అది ఏడాదికి ఐదారు శాతం కింద లెక్క. అలాంటప్పుడు నెలనెలా ఆటోమేటిక్ జమ పెట్టుకుంటే ఆ రుసుము మారుతుందేమో చూసుకోండి.

మూడో రకం, పెద్ద బ్రోకర్లే నడిపే రోబోలు. ఫిడెలిటీ గో 25,000 డాలర్ల లోపు రుసుము లేకుండా, ఆపైన 0.35 శాతానికి నడుపుతోంది. వాన్‌గార్డ్ డిజిటల్ అడ్వైజరు నూరు డాలర్లతో మొదలుపెట్టనిస్తుంది. ష్వాబ్ వారి ఇంటెలిజెంట్ పోర్ట్‌ఫోలియోస్ 5,000 డాలర్లతో మొదలు, సలహా రుసుము సున్నా. మరి ఎలా బతుకుతున్నారు? మీ డబ్బులో కొంత భాగం నగదుగా వాళ్ళ బ్యాంకులోనే ఉంచుతారు. మార్కెట్టు పెరిగేటప్పుడు ఆ నగదు పెరగదు. ఈ సంగతి మదుపర్లకి సరిగా చెప్పలేదన్న అభియోగం మీద 2022లో ష్వాబ్ సంస్థలు 187 మిలియన్ డాలర్లు కట్టి ఎస్ఈసీతో రాజీపడ్డాయి. తప్పు ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. సున్నా రుసుము అన్నచోట ఖర్చు ఎక్కడో దాక్కునే ఉంటుందన్నదే మనం నేర్చుకోవాల్సిన పాఠం.

నాలుగో రకం, రాబిన్‌హుడ్ లాంటి ఫోను యాప్‌లు. దాని స్థాపకులిద్దరిలో ఒకరు మన భారతీయ సంతతి బైజూ భట్. కమీషన్లు సున్నాకి దిగడానికి ఈ యాప్ పెట్టిన పోటీ ఒక ముఖ్య కారణం, అది ఒప్పుకోవాలి. కానీ ఒకప్పుడు ట్రేడు చేస్తే తెరమీద రంగు కాగితాలు రాలేవి. విమర్శలొచ్చాక 2021లో తీసేశారు. ఇప్పుడు వీళ్ళూ నిర్వహణ సేవ మొదలుపెట్టారు. అయినా నా ఉద్దేశం ఒకటే. నిమిష నిమిషానికీ రమ్మని పిలిచే యాప్, చేతులు కట్టుకు కూర్చుందామనుకునేవాడికి పనికొచ్చేది కాదు. స్వీటు షాపు పైన అద్దెకి దిగి డయాబెటిస్ అదుపులో పెట్టుకుంటాననడం లాంటిది అది.

ఇక పోలిక. కొనేముందు నేను అడగమనే ప్రశ్నలు ఐదు.

మొదటిది, అన్నీ కలిపి ఏడాదికి ఖర్చెంత? నెలకి 500 డాలర్ల చొప్పున పాతికేళ్ళు వేశారనుకోండి. మీరు వేసింది లక్షా యాభై వేలు. ఖర్చులు లేకుండా ఏడాదికి 7 శాతం వస్తుందని ఊహిస్తే చివరికి సుమారు 4,05,000 అవుతుంది. 0.25 శాతం రుసుము తీసేస్తే 3,89,000. ఒక శాతం తీసేస్తే 3,46,000. ఈ ఏడు శాతం లెక్క కోసం వేసుకున్నది, ఎవరూ హామీ ఇవ్వలేదు. కానీ తేడా చూడండి. పావు శాతానికి 16,000 పోయాయి, ఒక శాతానికి 59,000 పోయాయి. రుసుము చాప కింద నీరు లాంటిది. బిల్లు రాదు, చెక్కు రాయక్కర్లేదు, కాబట్టి నొప్పి తెలియదు.

రెండోది, అందులో నగదు ఎంత, దానికి వడ్డీ ఎంత? మూడోది, బయటికి పోవాలంటే ఎలా? మా భాషలో దీన్ని వెండర్ లాక్-ఇన్ అంటాం. మామూలు ఈటీఎఫ్‌లని ఒక బ్రోకరు నుంచి ఇంకొకరికి అమ్మకుండానే తరలించవచ్చు, వారం పది రోజుల పని. కానీ ఒక సంస్థకే సొంతమైన ఫండ్లు అలా కదలవు. 2018లో ఫిడెలిటీ తెచ్చిన జీరో ఫండ్లకి ఖర్చు నిజంగానే సున్నా, కానీ వేరే బ్రోకరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే అమ్మాల్సిందే. మామూలు అకౌంటులో అమ్మితే లాభం మీద పన్ను. ఐఆర్ఏలో అయితే ఆ బెడద లేదు. ఇది ఊహకోసం చెప్తున్నది కాదు. జేపీ మోర్గాన్ తన రోబో సేవని 2024లో మూసేసింది. గోల్డ్‌మన్ శాక్స్ వారి మార్కస్ తన రోబో అకౌంట్లని అదే ఏడాది బెటర్‌మెంట్‌కి అప్పగించింది. అంతంత పేర్లే దుకాణం కట్టేస్తే, వెళ్ళేదారి ముందే చూసుకోవడం అవసరం.

నాలుగోది, సంస్థ మునిగితే? సిపిక్ సభ్యత్వం ఉన్న బ్రోకరు దివాలా తీస్తే ఒక్కొక్కరికి 5,00,000 డాలర్ల దాకా, అందులో నగదుకి 2,50,000 దాకా రక్షణ ఉంది. మార్కెట్టు పడితే వచ్చే నష్టానికి మాత్రం ఏ రక్షణా లేదు. ఐదోది, ఎవరైనా మనిషి మీకు ఏదైనా అమ్మజూపితే ఫారం సీఆర్‌ఎస్ చూపించమనండి. బ్రోకర్లు, రిజిస్టరైన సలహాదారులు తమకి డబ్బు ఎలా వస్తుందో రెండు నాలుగు పేజీల్లో చెప్పే ఆ కాగితం 2020 నుంచి తప్పనిసరి. ఫిన్రా వారి బ్రోకర్‌చెక్‌లో పేరు కొడితే పాత ఫిర్యాదులు కూడా కనిపిస్తాయి. "అన్నయ్యా, ఇది ఇన్సూరెన్సూ, ఇన్వెస్టుమెంటూ రెండూను" అంటూ పరిచయస్తులు వస్తే ఆ కాగితం అడగండి. వాళ్ళు ఇన్సూరెన్సు లైసెన్సు ఒక్కటే ఉన్నవాళ్ళయితే ఆ కాగితం ఉండదు. అప్పుడు మొదటి ఏడాది కట్టే ప్రీమియంలో కమీషను ఎంతో నోటితో అడగండి. మొహమాటం మనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ ఒక్కచోట దాన్ని పక్కన పెట్టండి.

మరి నా తీర్పు ఏమిటని అడుగుతారు. రిటైర్మెంటు డబ్బుకి పెద్ద బ్రోకరు దగ్గర ఒక ఇండెక్స్ టార్గెట్ డేట్ ఫండు చాలు, రోబోకి అదనంగా పావు శాతం ఇవ్వక్కర్లేదు. మామూలు అకౌంటులో, మార్కెట్టు పడితే గాభరాపడి అమ్మేసే స్వభావం మీకుంటే, మిమ్మల్ని మీ నుంచి కాపాడటానికి రోబోకి ఇచ్చే పావు శాతం దండగ కాదు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఐదు వారాలు తిరక్కుండా ఎస్ అండ్ పీ 500 సూచీ 34 శాతం పడింది, ఆగస్టుకల్లా తిరిగి పాత శిఖరం దాటింది. మార్చిలో అమ్మి ఏప్రిల్లో కొనడానికి భయపడినవాళ్ళు పోగొట్టుకున్నది ఏ రుసుము కన్నా ఎక్కువే. ఇవన్నీ చేసేముందు 401కెలో కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ పూర్తిగా తీసుకోండి, ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచండి, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్ళు. ఇల్లినాయి వాళ్ళకి ఒక మాట. పిల్లల చదువుకి మన రాష్ట్రపు బ్రైట్ స్టార్ట్ 529లో దంపతులు ఏడాదికి 20,000 డాలర్ల దాకా వేస్తే రాష్ట్ర పన్ను ఆదాయంలోంచి తగ్గుతుంది. 4.95 శాతం చొప్పున 990 డాలర్లు మిగులు.

ఇండియాలో కూడా యాప్‌లు ఉన్నాయి కదా, అక్కడి మ్యూచువల్ ఫండ్లలో సిప్ వెయ్యొచ్చా అని అడుగుతారు. అమెరికా పన్ను చట్టం వాటిని పీఎఫ్‌ఐసీ కింద లెక్కేస్తుంది. ఫారం 8621, దానితోపాటు కఠినమైన పన్ను. విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ దాఖలు చెయ్యాలి. నాన్నగారు ప్రేమతో మన పేరు కూడా చేర్చిన ఫిక్సెడ్ డిపాజిట్టు కూడా ఆ లెక్కలోదే. చేతులు కట్టుకు కూర్చుందామనుకునేవాడు ఆ చిక్కుల జోలికి పోకపోవడమే మేలు.

చివరగా, ఏ పోలిక పట్టికలోనూ కనపడని విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. మా ఊళ్ళో ఒక మిత్రుడు యాభై దాటకుండానే హఠాత్తుగా పోయాడు. లెక్కల్లో దిట్ట. నాలుగు ఉద్యోగాలు మారితే నాలుగు 401కెలు, రెండు యాప్‌లు, ఒక రోబో, ఒక పాత బ్రోకరు. ఎక్కడెక్కడ అకౌంట్లున్నాయో ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు. ఫోను తెరుచుకోదు. లాగిన్ అయితే కోడు ఆ ఫోనుకే వస్తుంది. పెళ్ళికి ముందు తెరిచిన ఐఆర్ఏలో వారసుడిగా ఉన్నది అప్పటికే కాలం చేసిన తండ్రి పేరు. ఇంకో అకౌంటులో ఎవరి పేరూ లేదు. ఆయన భార్య, చదువుకున్నావిడే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ కాగితాలతో నెలల తరబడి తిరిగింది. మేము నలుగురం వారాంతాల్లో ఆమె వంటింటి బల్ల మీద పాత స్టేట్‌మెంట్లు పరుచుకుని ఒక్కొక్కటే వెతికాం. డబ్బు పోలేదు. కానీ కావలసిన రోజున చేతికి రాలేదు.

401కెలో భార్యకి చట్టమే హక్కు ఇస్తుంది. ఐఆర్ఏలకీ బ్రోకరు అకౌంట్లకీ ఇల్లినాయిలో ఆ భరోసా లేదు. అక్కడ మీరు రాసిన పేరే శాసనం. కాబట్టి ఆరు చోట్ల ఉన్నది రెండు చోట్లకి చేర్చండి. పాత 401కెలని ఒకచోటికి తెచ్చుకోండి. ప్రతి అకౌంటులో వారసుల పేరు ఇవాళే సరిచూడండి. ఒక్క కాగితం మీద ఏ సంస్థ, ఏ రకం అకౌంటు, ఎవరికి ఫోను చెయ్యాలి అన్నది రాసి ఇంట్లో ఇద్దరికీ తెలిసిన చోట పెట్టండి. చేతులు కట్టుకు కూర్చునే మదుపు అంటే మనం కూర్చున్నప్పుడే కాదు, మనం లేనప్పుడు కూడా నడిచేది. ఏ కంపెనీ గొప్పదో అని మూడు నెలలు ఆలోచించేవాళ్ళు ఈ పనికి మూడు గంటలు పెట్టరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ హాల్లో దంపతులు చాలామంది కనిపిస్తున్నారు. నాదొక చిన్న కోరిక. ఇవాళ భోజనాల బల్ల దగ్గర ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడగండి: "మన అకౌంట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలవా?" జవాబు వెంటనే వస్తే, మీరు ఏ కంపెనీ ఎంచుకున్నా నిశ్చింతగా ఉండొచ్చు. రాకపోతే, సభల హడావుడి తీరి ఇంటికి చేరిన మొదటి ఆదివారం ఆ కాగితం రాయండి.